గంట మోగని చలికాలం

సముద్రాలకు అవతల, ఏడాదిలో సగం మంచు కింద పడి ఉండే ఒక అడవిని ఓత్మార్ అనే ఎలుగుబంటి ఏలేవాడు. అడవి నడుమ ఒక రాతి చర్చి. దానికి బిషప్ హిల్డార్ అనే బొంతకాకి. యుద్ధాలు రాజు చూసుకునేవాడు, ప్రార్థనలు బిషప్ చూసుకునేవాడు. దున్నడం, మోయడం, తవ్వడం మిగతావాళ్ళ వంతు. దేవుడే అలా పంచాడని కాకి చెప్పేవాడు. పంచేవాడికి వాటా తక్కువ పడిందని ఎక్కడా వినలేదు కదా.

ఆ మిగతావాళ్ళలో మార్గో అనే ముళ్ళపంది ఒకతె. చర్చి వెనక సమాధుల తోటలో గోతులు తవ్వడం ఆమె పని. ఎవరు పోయినా గంట మోగేది, మార్గో మట్టి తవ్వేది, కాకి ప్రార్థన చదివేవాడు.

ఒక ఏడు, ఆ చర్చిని ఆనుకుని ఉన్న మఠానికి కొత్త పెద్దగా ఎవరిని కూర్చోబెట్టాలన్న మాట మీద రాజుకీ బిషప్‌కీ చెడింది. రాజు తలవంచేదాకా గంట మోగదనీ, ప్రార్థన జరగదనీ, చచ్చినవాళ్ళను పాతిపెట్టకూడదనీ బిషప్ చాటింపు వేయించాడు. మరి శవాలను ఏం చేయమంటారని జనం అడిగారు. చర్చి అవతలి బయలులో ఉంచమన్నాడు.

"గంట లేకుండా పాతారా, ఆ చచ్చినవాడు లేచి మీ గుమ్మంలోనే నిలబడతాడు," అన్నాడు.

ఆ మాట విన్నాక మట్టి మీద గోరు పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రాజు తక్కువ తినలేదు. పాతిపెట్టనివాడికి వారసులు ఉండరని, వాడి గుహ రాజుకే చెందుతుందని కొత్త శాసనం తెచ్చాడు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరగడమంటే ఇదే.

ఆ చలికాలం జ్వరాలు ముదిరాయి. బయలు నిండిపోయింది. దారిన పోయేవాళ్ళు అటు చూడకుండా తల వంచుకుని నడిచేవారు. నిన్న తూర్పుకు ఉన్న తలలు ఇవాళ పడమటికి తిరిగి ఉంటున్నాయని, కొందరికి కళ్ళు కూడా ఉండటం లేదని గుసగుసలు. గంట లేక ఊరంతటికీ చెవుడు వచ్చినట్టుండేది.

చివరకు మార్గో మొగుడు తీబో పోయాడు. ఊరందరికీ గొయ్యి తవ్విన చేతులు కట్టుకున్నవాడికి తవ్వలేకపోయాయి. అతన్ని బయలుకు ఈడ్చుకొచ్చి, మంచులో పడుకోబెట్టి, ఇంటికి పోబుద్ధి కాక పక్కనే ఒరిగింది. మధ్యాహ్నానికే పొగమంచు దిగింది. దాంట్లో ఆమె కూడా ఒక శవంలాగే కనిపించింది.

కాసేపటికి మంచు కరకరమంది. బరువైన అడుగులు. వాటి పక్కనే రెక్కల చప్పుడు. మార్గో కన్ను సగం తెరిచి చూస్తే రాజు, బిషప్. పగవాళ్ళలా కాదు, సంతకు పోయే వియ్యంకుల్లా నడుస్తున్నారు.

మన తగవు ఎప్పుడో తీరింది కదా, ఇక గంట మోగించేద్దామా అని రాజు అడుగుతున్నాడు.

"చలి పోనివ్వండి ప్రభూ," అన్నాడు బిషప్. "మంచు కింద మాంసం పాడవదు. నా కాకులు ఇంత తిండి ఎన్నడూ ఎరగవు."

"అదీ నిజమే. ఏటవతలి గుహలు ఇంకా నా చేతికి రాలేదు," అన్నాడు రాజు.

బిషప్ ఎగిరి వచ్చి తీబో గుండెల మీద వాలాడు. ముక్కు పెట్టి పొడిచిన చప్పుడు మార్గోకు చెవి పక్కనే వినిపించింది. ఆమె ముల్లు కూడా కదపలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక మొగుడి తలను తిరిగి తూర్పుకు సర్దింది. సర్దేటప్పుడు అతని ముఖం చూడలేదు.

ఆ తర్వాత పీరో అనే ఎద్దు దగ్గరికి పోయింది. పీరో పెళ్ళాం కూడా ఆ బయలులోనే ఉంది. ఆమె చెప్పిందంతా ఎద్దు నిదానంగా విని, బిషప్ అంతటివాడు అలా చేస్తాడా అన్నాడు.

"కంచే చేను మేస్తోంది పీరో బావా. నా చెవులతో విన్నాను."

"అయితే రాజుకు చెబుదామా?"

"ఆ మేతలో రాజుకూ పాలుంది."

పీరో చాలాసేపు నెమరు వేశాడు. ఏం చేయమంటావని మాత్రం అడిగాడు.

మళ్ళీ పొగమంచు దిగిన రోజున ఊరివాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి తమతమ చచ్చినవాళ్ళ పక్కన పడుకున్నారు. చలి ఎముకలు కొరికినా ఎవరూ దగ్గలేదు. రాజు, బిషప్ మాట్లాడుకుంటూ బయలు నడిమికి వచ్చారు. అప్పుడు మార్గో లేచి నిలబడింది. ముళ్ళ నుంచి మంచు జారింది.

"గంట ఎప్పుడు మోగుతుంది స్వామీ?" అంది మెల్లగా.

ఆమె వెనక ఎద్దు లేచాడు. ఎద్దు వెనక గొర్రెలు, కుందేళ్ళు, కంచరగాడిద. ఎవరూ అరవలేదు. తెల్లటి మంచులో వరస మీద వరస లేస్తూనే ఉంది. పడుకున్నవాళ్ళకంటే లేచినవాళ్ళే ఎక్కువున్నట్టు మార్గోకు తోచింది. తన పక్కన కూడా ఎవరో నిలబడ్డట్టు, పాత మట్టి వాసన తగిలినట్టు అనిపించింది. ఆమె అటు తిరగలేదు.

రాజు వెనక్కి వెనక్కి జరిగి, బయలు అంచున ఏటి మీద గడ్డకట్టిన మంచు పగిలి నడుముదాకా దిగబడ్డాడు. గుహలన్నీ తిరిగి ఇచ్చేస్తానని అక్కడినుంచే మొక్కాడు. బిషప్ రెక్కలు తడబడుతూ చర్చి శిఖరానికి ఎగిరి, ఎత్తేశాను, నిషేధం ఎత్తేశాను అని అరుస్తూ, ముక్కుతో తాడు లాగి గంట తనే మోగించాడు.

లేచింది బతికున్న ఊరివాళ్ళేనని తెలిశాక కూడా అతను మాట వెనక్కి తీసుకోలేకపోయాడు. తీసుకోవాలంటే ఆ రోజు ఆ బయలులో తనకేం పనో ఊరికి చెప్పాలి మరి.

పీరో గడ్డకట్టిన నేలను నాగలితో చీల్చాడు, మార్గో తవ్వింది. బిషప్ ఒక్కో గొయ్యి దగ్గరా నిలబడి, వణికే గొంతుతో ప్రార్థన చదివాడు. తీబో గొయ్యి దగ్గర మార్గో అతన్ని రెండోసారి చదవమంది. చదివాడు.

ఇందులోని నీతి: భయాన్ని అమ్ముకునేవాడి ఇంట్లోనే ఆ సరుకు ఎక్కువ నిల్వ ఉంటుంది.