మెట్ల మీద జడలు

మంజరికి ఒక జబ్బు చేసింది. జ్వరం లేదు, దగ్గు లేదు. "నేను వెళ్ళిపోతే వీళ్ళేమైపోతారో" అన్న బెంగ. ఇది మంచివాళ్ళకే వస్తుంది. అదీ పెట్టె సర్దుకునే రోజులు దగ్గరపడ్డాకే వస్తుంది.

ఆమె వచ్చింది మూడు నెలల కోసం. నేపాల్‌లో, పోఖరా దాటి రెండు గంటలు పైకెక్కితే ఒక కొండ ఊరు. అక్కడ నా అన్నవాళ్ళు లేని పద్నాలుగు మంది ఆడపిల్లలు ఉండే ఇల్లు. దాన్ని నడిపేది ఒక బౌద్ధ సన్యాసిని. నున్నగా గొరిగిన తల, గులాబీ రంగు వస్త్రం, అరవై దాటిన వయసు. ఊరంతా ఆమెను గురుమా అంటుంది.

మంజరి నర్సాపురంలో స్కూలు టీచరు. సెలవు పెట్టి, పిల్లలకు సేవ చేస్తానని వచ్చింది. వచ్చిన రెండో వారానికే గురుమాని తన గురువుగా నిర్ణయించేసుకుంది. గురుమా ఆమెను శిష్యురాలిగా ఎప్పుడు ఒప్పుకుందో మాత్రం ఎవరికీ తెలీదు.

ఇద్దరూ మాట్లాడుకునేది హిందీలో. ఇద్దరి హిందీ అరకొరే. అందువల్ల వాళ్ళ మధ్య అనవసరమైన మాట దొర్లేది కాదు.

ఆ ఇంట్లో తెల్లారగానే ఒక పద్ధతి నడిచేది. పడకగది నుంచి వాకిట్లోకి దిగే రాతి మెట్లున్నాయి. వాటి మీద పిల్లలు వరసగా కూర్చునేవాళ్ళు, పెద్దపిల్ల పైన, చిన్నపిల్ల కింద. పై మెట్టు పిల్ల కింది మెట్టు పిల్లకి తల దువ్వి జడలు వేస్తుంది. ఆ కింది పిల్ల ఇంకా కిందనున్న పిల్లకి. అందరికంటే పైన గురుమా కూర్చుని, పదిహేనేళ్ళ సబీనాకి వేసేది. పైన ఎవరైనా తుమ్మితే కిందిదాకా అందరి తలలూ కదిలేవి. పావుగంటలో పద్నాలుగు మందికీ ఇరవై ఎనిమిది జడలు, ఎర్ర రిబ్బన్లతో సహా తయారు.

తయారు అంటే, ఏదో ఒకలా. పాపిట పాము పాకినట్టు ఉండేది. ఒక జడ చెవి మీద పుడితే ఇంకోటి మెడ మీద పుట్టేది.

మంజరి లేసు అల్లే ఇంట్లో పుట్టింది. ఆ జడలు చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది. నాలుగో రోజు సబీనా చేతిలోంచి దువ్వెన తీసుకుని, "ఇలా ఇవ్వు, నేను వేస్తాను" అంది.

తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. నాలుగు పాయల జడ, చేపముల్లు జడ, తల చుట్టూ తిప్పి కట్టే జడ. పిల్లలు మెట్లు వదిలేసి మంజరి చాప ముందు వరస కట్టారు. ఆమె తెల్లవారుజామున లేచి కూర్చుంటే గంటన్నర పట్టేది. పావుగంట పనిని గంటన్నరకి పెంచి, నడుం పట్టుకుని లేస్తూ, ఎంత తృప్తిగా ఉందో అనుకునేది.

గురుమా చూసేది. ఖాళీగా ఉన్న మెట్లని చీపురుతో ఊడ్చుకుంటూ పోయేది.

ఆ వరసలో ఎప్పుడూ ఆఖరున నిలబడేది ఫూల్‌మాయ. ఆరేళ్ళు. ఆఖరున ఎందుకంటే, తన వెనక ఎవరూ ఉండరు కాబట్టి ఎంతసేపైనా కూర్చోవచ్చు. లెక్కలు రాకపోయినా ఈ లెక్క ఆ పిల్లకి బాగా వచ్చు.

ఫూల్‌మాయ తలని మంజరి తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఒకరోజు మంజరికి ఒళ్ళు వెచ్చబడి పడుకుంటే, ఆ పిల్ల జుట్టు విరబోసుకునే బడికి పోయింది. సబీనా దువ్వెన పట్టుకుని వెంటపడితే మొక్కజొన్న చేలోకి పరిగెత్తింది. ఈ మాట విని మంజరి దిగులుపడింది. కొంచెం గర్వపడింది కూడా. రెండూ ఒకే దిండు మీద తల పెట్టుకున్నాయి.

ఇక పదకొండు రోజుల్లో ప్రయాణం అనగా, వంటగదిలో ముల్లంగి తరుగుతూ వంటామె తులసా మాట కదిపింది.

"చెల్లీ, నువ్వెళ్ళేలోగా ఆ ఫూల్‌మాయకి ఏదో ఒక దారి చూడు. పోయినేడు ఇలాగే అయింది."

"ఏమైంది?"

"హాలెండు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చాలా మంచిది. ఈ పిల్లని చంక దించేది కాదు. వెళ్ళిపోయింది. ఇది రెండు నెలలు ఎవరినీ తల ముట్టుకోనివ్వలేదు. జుట్టంతా అట్ట కట్టి, లోపల పుళ్ళు పడ్డాయి. చివరికి ముగ్గురం పట్టుకుని గుండు చేయించాం." తులసా కత్తి ఆపింది. "ఆ ఏడుపు కింది ఊళ్ళో వాళ్ళకి కూడా వినపడింది."

"అంతకుముందో?"

"అంతకుముందు వచ్చినమ్మాయి ఇంకా మంచిది" అని తులసా మళ్ళీ ముల్లంగి అందుకుంది.

ఆ మధ్యాహ్నం మంజరి కూర్చుని ఒక ఉత్తరం రాసింది. తనని పంపిన సంస్థకి. ఇంకో ఆరునెలలు ఇక్కడే ఉంటాననీ, తను లేకపోతే పిల్లలు చాలా ఇబ్బంది పడతారనీ. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చు. అడుగున గురుమా సంతకానికి చోటు వదిలింది. పట్టుకెళ్ళి ఇచ్చింది.

గురుమా కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఆరునెలలయ్యాక?" అని అడిగింది.

"అప్పటికి ఫూల్‌మాయ కాస్త పెద్దదవుతుంది కదా గురుమా."

"అవును. ఆరునెలలు పెద్దదవుతుంది."

ఉత్తరం మడిచి జపమాల సంచిలో పెట్టుకుంది. "రేపు చూద్దాం" అంది.

మర్నాడు మంజరి నూనెగిన్నె, దువ్వెనలు పట్టుకుని వచ్చేసరికి చాప మీద అప్పటికే ఒకరు కూర్చుని ఉన్నారు. వీపు ఇటు తిప్పి, బుద్ధిగా మఠం వేసుకుని. గురుమా.

వెనక వరసలో పిల్లలు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

మంజరికి ఏం చెయ్యాలో తోచలేదు. "గురుమా, మీకు... జుట్టు లేదు కదా."

గురుమా చెయ్యెత్తి తల తడుముకుంది, ముందు నుంచి వెనక్కి, ఏ మూలైనా ఒకటి దొరుకుతుందేమో అన్నట్టు. "లేదు" అని ఒప్పుకుంది. "అయినా కాసేపు కూర్చోవచ్చా?"

"కూర్చోండి. కానీ వెనక పిల్లలకి ఆలస్యమవుతుందేమో..."

"అయితే నీ దగ్గర కూర్చోవాలంటే నీతో పని ఉండాలన్నమాట."

మంజరి నూనెగిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

గురుమా మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా లేచింది. మంజరి చేతిలోంచి ఒక దువ్వెన తీసుకుంది. గట్టిగా లాక్కోలేదు, అడగనూ లేదు. మెట్లెక్కి అన్నిటికంటే పైన కూర్చుని, "సబీనా" అని పిలిచింది.

అంతే. ఇంకెవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. పిల్లలంతా మెట్ల మీదికి ఉరికారు. అయితే మూడు నెలల్లో ఎత్తులు మారాయి. ఎవరి కింద ఎవరో తేలక కాసేపు తోపులాట జరిగింది.

"నువ్వు నాకు వెయ్యొద్దు, నీ చేతులకి ఊరగాయ వాసన."

"నీ తలకి మేక వాసన, నేనేమన్నా అన్నానా?"

మెల్లిగా సర్దుకున్నారు. పదమూడు మంది కూర్చున్నారు. నిలబడింది ఇద్దరు. వాకిట్లో మంజరి, ఆమె చున్నీ కొస పిడికిట్లో బిగించి ఫూల్‌మాయ.

గురుమా ఫూల్‌మాయ వంక చూడనే లేదు. సబీనా పాపిట తీస్తూ, "మంజరీ, నువ్వు అడుగు మెట్టు మీద కూర్చో" అంది.

"ఫూల్‌మాయకి నేను..."

"కూర్చో."

మంజరి నూనెగిన్నె, మిగిలిన దువ్వెనలు వెనక మెట్టు మీద పెట్టి కూర్చుంది. ఆమెకి నడుం దాటే జుట్టు. రాత్రి అల్లుకున్న జడ విప్పింది. ఆమె తల వెనక ఒక మెట్టు ఖాళీ. ఆ పైమెట్టు మీద పదేళ్ళ అనీషా, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"ఈ దీదీకి ఎవరు వేస్తారు?" అని గురుమా పైనుంచి అడిగింది. మామూలుగా, పప్పులో ఉప్పు ఎవరేస్తారు అన్నట్టు.

పై మెట్ల మీద అందరి చేతులూ ఎవరో ఒకరి తలలో ఉన్నాయి. ఫూల్‌మాయ పై మెట్టు నుంచి వరసగా అందరినీ చూసుకుంటూ వచ్చింది. ఖాళీగా ఉన్న చేతులు అనీషావి మాత్రమే. కానీ అనీషాకి అందదు. మధ్యలో మెట్టుంది.

చున్నీ వదిలింది. వచ్చి ఆ మెట్టు మీద కూర్చుంది.

ఇంతవరకు ఆ పిల్ల చేతికి దువ్వెన రాలేదు. అందరికంటే చిన్నది, ఇక కింద ఎవరుంటారు? ఇప్పుడు దువ్వెనని కొడవలి పట్టుకున్నట్టు పట్టుకుని, నడినెత్తిన దించి, కిందికి లాగింది. మంజరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇవి భక్తితో వచ్చినవి కావు.

పాయలు విడదీయడం మొదలైంది. మూడు కావాలి. ఒకసారి రెండే వచ్చాయి, ఒకసారి అయిదు. గట్టిగా ఊపిరి తీస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, ఆ పిల్ల ఒక్కో పాయని పిడికిలితో పట్టుకుంటోంది. అరచేతులు చిన్నవి. పట్టిన పాయ జారిపోతోంది.

అంతలో వెనక ఏదో కదిలినట్టయింది. అనీషా నూనెగిన్నె అందుకున్న చప్పుడు.

మంజరి వెనక్కి తిరిగి చూద్దామనుకుంది. తిరగలేదు. ఆమె జుట్టు మొత్తం ఆ పిల్ల పిడికిట్లో ఉంది.

చూడటానికి వీల్లేదు. తెలిసేదల్లా జుట్టు కుదుళ్ళ దగ్గర ఆ చిన్న చేతుల లాగుడే. అది ఆగింది.

వాకిట్లో కోడి ఒకటి నడుస్తూ పోయింది. పై మెట్ల మీద ఎవరో ఏదో అని నవ్వుకున్నారు. ఆ చేతులు ఇంకా ఆగే ఉన్నాయి. పాయలు పట్టుకునే ఉన్నాయి, వదల్లేదు. వదిలితే అల్లినదంతా విడిపోతుంది.

తర్వాత మళ్ళీ లాగుడు మొదలైంది. ఒకటి. ఇంకొకటి. మంజరి తల కొంచెం ఎడమకి ఒరిగింది.

ఆమెకి సంతోషం వేసింది. దాని పక్కనే ఇంకొకటి కూడా వేసింది. దాని పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు.

అన్నీ అయ్యాక లేచి చూస్తే ఫూల్‌మాయకి కుడివైపు ఒక జడ ఉంది. ఎడమవైపు జుట్టు విరబోసి ఉంది. రెండోది అల్లబోయేసరికి మంజరి జడ పూర్తయిందట, చేతులు ఖాళీ అయిన పిల్ల లేచి పరుగెత్తిందట. ఆరోజు అలా ఒక్క జడతోనే బడికి పోయింది. రెండో వైపు కుదరడానికి ఇంకో మూడు రోజులు పట్టింది.

మంజరి జడ సంగతి అడక్కండి. నర్సాపురంలో ఎవరైనా చూస్తే వాళ్ళింటి లేసు కొనడం మానేస్తారు.

మధ్యాహ్నం గురుమా ఉత్తరం, పెన్నూ పట్టుకుని వంటగదిలోకి వచ్చింది.

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

మంజరి కాగితం తీసుకుంది. తను రాసిందే అయినా ఎవరిదో చదువుతున్నట్టు పైనుంచి కిందిదాకా చదివింది.

"వద్దులెండి గురుమా."

"పెన్ను వెతకడానికి చాలాసేపు పట్టింది నాకు."

"టీ పెట్టమంటారా?"

"పెట్టు" అని గురుమా పీట వాల్చుకుని కూర్చుంది. టీ మరిగేదాకా ఆమెకి అక్కడ ఏ పనీ లేదు. ఊరికే కూర్చుంది.

మిగిలిన పది రోజులూ మంజరి పొద్దున్నే వచ్చి అడుగు మెట్టు మీద కూర్చుంది. దువ్వెనలన్నీ ఎవరివి వాళ్ళ దగ్గరే ఉన్నాయి. నాలుగు పాయల జడ నేర్పమని సబీనా అడిగితే సాయంత్రాలు నేర్పింది. సబీనా చేతిలో అది మూడున్నర పాయల జడ అయింది. పర్వాలేదు.

ఆఖరి రోజు బస్సు ఎనిమిదింటికి. పెట్టె వాకిట్లో ఉంది. మంజరి ప్రయాణపు బట్టలతోనే మెట్టు మీద కూర్చుంది. వెనక నుంచి చిన్న వేళ్ళు పాయలు విడదీశాయి. మూడు. మొదటిసారే సరిగ్గా వచ్చాయి.

అడగకూడదనే అనుకుంది. రాత్రంతా అదే అనుకుంది. అయినా నోరు ఊరుకోదు కదా.

"ఫూల్‌మాయా, రేపు నీ కింద ఎవరు కూర్చుంటారు?"

ఆ పిల్ల పళ్ళ మధ్య రిబ్బను ఉంది. దాన్ని తీసి, జడ కొసకి రెండు చుట్లు చుట్టి, అప్పుడు చెప్పింది.

"ఎవరో వస్తారు. నువ్వు కదలకు, దీదీ. ముడి ఇంకా పడలేదు."

మంజరి కదల్లేదు.