మంగాయమ్మ బాప్తిస్మం

ఫిలేమోను చేతిలో పన్నెండు పేర్ల కాగితం ఉంది. అందులో ఒక పేరు కొట్టేశాడు. కొట్టేసిన దగ్గరనుంచి అతని మనసు మనసులో లేదు.

అతను మూడేళ్ళు బైబిలు బడిలో చదివి వచ్చి, కాలువ గట్టు మీద చర్చిలో ఆశీర్వాదం అయ్యగారి దగ్గర ఉపదేశిగా పని నేర్చుకుంటున్నాడు. రేపు ఆదివారం కాలువలో బాప్తిస్మాలు. తీసుకునేవాళ్ళను పరీక్ష చేసి పేర్లు రాయమని అయ్యగారు ఆ పని అతనికే అప్పజెప్పారు.

కొట్టేసిన పేరు మంగాయమ్మది. డెబ్బై దాటిన మనిషి. ఆయాసం. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి.

పరీక్షలో సంఘపెద్దలిద్దరు కూడా ఉన్నారు. ఏడ్చి, పాపాలు ఒప్పుకుని, మారుమనస్సు పొందితేనే రక్షణ అంటారు శాంతయ్య గారు. మనం చేసేదేమీ లేదు, విశ్వాసం ఒక్కటే చాలు అంటాడు దానియేలు మేస్త్రి. ఏడాదిగా ఇద్దరూ ప్రార్థన కూటాల్లో ఇదే వాదించుకుంటున్నారు. ఇప్పుడు వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు కూడా చర్చిలో చాపలు దూరంగా వేసుకుంటున్నారు.

"ఏం పాపాలు చేశావమ్మా?" అని శాంతయ్య గారు మంగాయమ్మను అడిగారు.

"సారా అమ్మానండి, మా ఆయన పోయాక. మానేసి పన్నెండేళ్ళయింది."

"దానికి ఏడ్చావా?"

"నలుగురు పిల్లలండి. ఏడవడానికి తీరికెక్కడిది?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"పోనీ ఏం నమ్ముతున్నావో చెప్పు. విశ్వాస ప్రమాణం చెప్పు చూద్దాం" అన్నాడు దానియేలు మేస్త్రి.

ఆమె రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది.

"ఇదీ రాదు, అదీ లేదు. మరి ఎందుకొచ్చావమ్మా?"

"ప్రభువు రమ్మన్నాడు కదండీ. అందుకని వచ్చాను."

ఏడాదిలో మొదటిసారి పెద్దలిద్దరిదీ ఒకటే మాట అయింది. ఈమె ఇంకా సిద్ధపడలేదు అన్నారు. ఫిలేమోను గీత కొట్టాడు.

సాయంత్రం అయ్యగారు కాగితం చూసి, "మంగాయమ్మ పేరు కొట్టేశావేం?" అన్నారు.

"మళ్ళీ నీళ్ళొచ్చాక చూద్దామనుకున్నామండి."

సోమవారం కాలువ కట్టేస్తారు. ఎండాకాలమంతా అందులో బురదే. నీళ్ళొచ్చేదాకా మంగాయమ్మ ఉంటుందని ఊళ్ళో ఎవరికీ నమ్మకం లేదు. ఆ సంగతి ఫిలేమోనుకూ తెలుసు. అందుకే అతనికి గుండెలో ముల్లు దిగినట్టుంది.

"అయ్యగారూ, నాకు ఎంత చదివినా తెగడం లేదండి. మారుమనస్సు ముందా, విశ్వాసం ముందా? ఇందులో మనిషి చెయ్యాల్సింది ఎంత?"

అయ్యగారు కాగితం మడిచి అతనికే ఇచ్చారు.

"పంచె కట్టుకుని కాలువకి రా. రేపు నువ్వూ నాతో దిగాలి. ఎలా ముంచాలో నేర్పుతాను."

నడుము లోతు నీళ్ళలో నిలబడ్డారు ఇద్దరూ. అవతలి గట్టున ఒకతను బాతులు మేపుతున్నాడు.

"ముందు నిన్ను ముంచుతాను. చేతులు గుండెల మీద పెట్టుకుని వెనక్కి వాలు" అన్నారు అయ్యగారు.

ఫిలేమోను మోకాళ్ళు వంచి తనే నీళ్ళలో కూర్చున్నాడు.

"నువ్వే మునిగేటట్టయితే నేనెందుకు ఇక్కడ? లే."

రెండోసారి వాలాడు గాని, ఒక కాలు తనంతట తనే వెనక్కి వెళ్ళి బురదలో దిగబడింది.

మూడోసారి భయపడి అయ్యగారి చొక్కా పట్టుకు లాగాడు. ఇద్దరూ మునిగారు. ఇద్దరూ నీళ్ళు తాగారు.

"ఏంటండీ అయ్యగారూ, మీ ఉపదేశికి ఇంకా బాప్తిస్మం అవలేదా?" అని అరిచాడు బాతులతను.

"ఎప్పుడో అయిందయ్యా. ఇప్పుడు నేర్చుకుంటున్నాడు."

"మా బాతులు నయమండి. అవి మునిగినా పక్కవాళ్ళని ముంచవు."

అయ్యగారు దగ్గుతూనే నవ్వారు. నవ్వడం అయ్యాక, "నన్నెందుకు పట్టుకున్నావు?" అని అడిగారు.

"పడిపోతానేమోనని అండి."

"పడమనే కదా నేను చెప్పింది."

ఫిలేమోనుకు సిగ్గేసింది. ఆ ముసలి మొహం వైపు చూశాడు. గడ్డం మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన అరచెయ్యి అప్పటికే తన వీపు వెనకాల ఉంది. మొదటిసారి నుంచీ అది అక్కడే ఉంది.

నాలుగోసారి ఎలా జరిగిందో అతనికి తెలియలేదు. బాతుల గోల ఆగిపోయింది. చెవుల్లో నీళ్ళు. వీపు కింద చెయ్యి. అంతలోనే గాలి, వెలుతురు.

"ఇప్పుడు చెప్పు. నువ్వు కాళ్ళు వదిలింది ముందా, నా చేతి మీద వాలింది ముందా?"

ఫిలేమోను చెబుదామని నోరు తెరిచాడు. ఆలోచించాడు. మళ్ళీ ఆలోచించాడు. నోరు మూసుకున్నాడు.

అయ్యగారు గట్టెక్కి పంచె పిండుకున్నారు.

ఫిలేమోను తడిబట్టలతోనే మంగాయమ్మ ఇంటికి వెళ్ళాడు.

"పొద్దున్నే తెల్లచీర కట్టుకుని రామ్మా."

"నాకింకా ప్రమాణం రాలేదు కదా బాబూ."

"తరవాత ఇద్దరం కూర్చుని నేర్చుకుందాం."

తెల్లారాక కాలువ గట్టున కుర్చీలో కూర్చుని ఉన్న ఆమెను చూసి శాంతయ్య గారి మొహం మాడిపోయింది. "ఈమెను ఎవరు రమ్మన్నారు?" అన్నారు.

"నేనేనండి" అన్నాడు ఫిలేమోను.

దానియేలు మేస్త్రి కూడా ఏదో అనబోయాడు. ఈలోగా అయ్యగారు నీళ్ళలోనుంచి పిలిచారు. "శాంతయ్యా, దానియేలూ, ఆవిడ మెట్లు దిగలేరు. ఆ కుర్చీ చెరో పక్కా పట్టుకుని దింపండి."

జనమంతా చూస్తున్నారు. పెద్దలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పంచెలు ఎగ్గట్టి కుర్చీ ఎత్తారు.

నీళ్ళు తగలగానే మంగాయమ్మ వణికింది. ఒక పక్క అయ్యగారు, ఒక పక్క ఫిలేమోను. ఆమె ఫిలేమోను మణికట్టు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆయాసంతో మాట సరిగ్గా రావడం లేదు.

"బాబూ, ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఫిలేమోను అయ్యగారి వైపు చూశాడు. రెండో చెయ్యి ఆమె వీపు వెనకాల పెట్టాడు.

"నన్ను పట్టుకోకమ్మా" అన్నాడు ఫిలేమోను మెల్లగా. "నేను పట్టుకున్నాను."

ఆమె ఒక్కొక్క వేలూ వదిలింది.