ఒకటో నంబరు బటన్

ఆరేళ్ళు! ఆరేళ్ళుగా ఖాదర్‌వలీ మాస్టారి దగ్గర కీబోర్డు నేర్చుకుంటోంది నాంచారి. పద్యనాటకాల్లో ఆయన పక్కన కూర్చుని వాయిస్తోంది కూడా. అయినా మాస్టారి పాత కీబోర్డులో తనదంటూ ఒక్క శబ్దం లేదు.

దాని పొట్టలో పట్టేవి ముప్పై రెండు శబ్దాలే. ముప్పై రెండూ మాస్టారు కూర్చుకున్నవే. వాటినెవరూ చెరపకుండా వెనక తాళంలాంటి చిన్న మీట ఉంటే, దాని మీద ప్లాస్టరు కూడా అంటించేశారాయన. నాంచారి ఎన్నిసార్లు బతిమాలినా, "చూద్దాంలే అమ్మాయ్" అనడమే.

మొన్న మాత్రం ఒక పాత శబ్దాన్ని అటూ ఇటూ మారుస్తుంటే ఆమె చేతికి ఒక కొత్త శబ్దం చిక్కింది. ఎండు తాటాకుల్లో గాలి దూరినట్టుంది, వింటే ఒళ్ళు జలదరిస్తుంది. దాచుకుందామంటే చోటేదీ? వేరే శబ్దం బటన్ నొక్కినా పోతుంది, కరెంటు తీసినా పోతుంది. రెండు రోజులుగా కీబోర్డు ఆపకుండా, కరెంటుకు దణ్ణాలు పెట్టుకుంటూ కాపలా కాస్తోంది పిచ్చిది.

ఇవాళ తెనాలిలో నాటకం. నాలుగింటికి వ్యాను వస్తుంది. ప్లగ్గు పీకారా, అంతే సంగతులు.

మధ్యాహ్నం లాప్‌టాప్, వైరు పట్టుకుని మాస్టారి ముందు నిలబడింది.

"మీ ముప్పై రెండూ దీన్లోకి ఎక్కిస్తాను మాస్టారూ. ఒక్కటీ పోదు. నాకొక్క చోటివ్వండి."

"నీదే దాన్లో పెట్టుకోరాదూ?"

నాంచారికి ఒళ్ళు మండిపోయింది.

"పెట్టుకోను! స్టేజీ ఎక్కేది ఈ కీబోర్డు. నాదీ ఇందులోనే ఉండాలి. మీరు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే, ఆ ప్లాస్టరు ఇవాళ పీకుతా!"

అనేసి తనే హడలిపోయింది. మాస్టారి ముందు ఏనాడూ గొంతు లేపిన పిల్ల కాదు. ఆయన మాత్రం తమలపాకు నములుతూ, "ముందు ఎక్కించు" అన్నారు.

వైరు తగిలించి, పంపే బటన్ నొక్కింది. సగంలో ఆగిపోయింది. ఆగదూ మరి! శబ్దాలు అవతలికి వెళ్ళేటప్పుడు కీబోర్డు మెట్లు ముట్టుకోకూడదు. ఈవిడ వేళ్ళు ఊరుకుంటేగా! రెండోసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుడ్లప్పగించి కూర్చుంది. ముప్పై రెండూ వెళ్ళాయి.

"వచ్చేశాయి మాస్టారూ! మళ్ళీ ఎప్పుడు దింపినా అన్నీ ఒక్కసారే, అక్కడున్నవాటిని చెరిపేసి వేటి చోట్లో అవి కూర్చుంటాయి. ఇక ఆ ఇరవై ఏడోది తీసేద్దాం. దాన్నెవరూ వాడట్లేదు."

"ఎవరికీ అక్కర్లేని మూల చాలా నీకు?"

ప్లాస్టరు ఆయనే పీకారు. మీట జరిపారు. నాంచారి అడ్డం పడేలోపే ఆమె శబ్దాన్ని ఒకటో నంబరు మీద దాచేశారు.

"అయ్యో అయ్యో, ఒకటోదా!"

ఒకటో నంబరంటే తెర లేవగానే మోగే సన్నాయి. మాస్టారి పేరు చెబితే జనం తలుచుకునేది దాన్నే.

"తెర లేచేటప్పుడు ఇప్పుడేం వాయించాలి నేను? జనం కుర్చీలు విసురుతారు మాస్టారూ! ఉండండి, లాప్‌టాప్‌లో ఉందిగా, ఇప్పుడే వెనక్కి తెచ్చేస్తా."

గబగబా వెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చుంది. మాస్టారు ఆపలేదు.

"తెచ్చి ఎక్కడ పెడతావమ్మాయ్?" అన్నారు. "అక్కడ నువ్వున్నావు."

బయట వ్యాను హారన్ కొట్టింది. నాంచారి లేచి, వైరూ ప్లగ్గూ పీకేసి, కీబోర్డు భుజానికెత్తుకుంది.