కాయితం మీద నూరు బస్తాలు

వెర్రివలస వాళ్ళకున్న తెలివి భూమ్మీద ఇంకెక్కడా లేదని వెర్రివలస వాళ్ళే చెబుతారు. తెలివి పొంగిపోయి తలపాగాలు జారిపోతుంటాయట! వాళ్ళందరిలో గున్నమ్మది ఏనుగంత తెలివి. అందుకే ఊరి విత్తనాల కొట్టు తాళం ఆవిడ బొడ్లో ఉండేది. కొట్లో పది బస్తాల వేరుశనగ విత్తనం. అది పోయిందా, వచ్చే ఏడు ఊరంతా గాలి భోంచెయ్యాల్సిందే.

ఒకరోజు పట్నం నుంచి లెక్కల పంతులు కంప్యూటరు మోసుకొచ్చాడు. వానెంత, నేలెంత అని అడిగాడు. విత్తుతారా అని మాత్రం అడగలేదు, అడిగితే నవ్వుతారని. టకటకా కొట్టి, "వచ్చే పంట నూరు బస్తాలు" అని కాయితం తీసి సర్పంచి జోగినాయుడి చేతిలో పెట్టి పోయాడు.

అంతే! జోగినాయుడు తీర్మానం రాసేశాడు.

"అత్తా, తాళం తియ్యి. నూరు బస్తాలు ఎలాగూ వస్తన్నాయి. ఈ పదీ వేయించుకు తినేద్దాం."

"విత్తకపోతే ఎలా వస్తాయి అల్లుడా?"

"కాయితంలో విత్తమని ఉందేటి? చూపించు!"

గున్నమ్మ కాయితం అటు తిప్పింది, ఇటు తిప్పింది. లేదు. ఇంకేముంది, తాళం తీసింది. అయినా మనసు పీకి ఒక్క బస్తా దాచుకుంది.

మిగతా తొమ్మిదీ ఊరు నమిలేసింది. ఆ కటకటల చప్పుడుకి పక్కూరి గేదెలు పాలివ్వడం మానేశాయి.

పంట వేళకి నలభై బళ్ళు కట్టుకుని పొలానికెళ్ళారు. పొలం బోడిగుండు!

"పాపం, పొలానికి తీర్మానం తెలీదురా" అన్నాడు జోగినాయుడు. డప్పు కొట్టించి, గట్టెక్కి, కాయితం మూడుసార్లు చదివాడు. పొలం ఉలకలేదు, పలకలేదు. కడుపులు మాడి పంతులికి ఫోను చేశారు.

"విత్తితేనే కదయ్యా మొలిచేది! విత్తనం ఏమన్నా మిగిలిందా?"

గున్నమ్మ ఛాతీ విరుచుకుంది. "నా దగ్గర ఒక బస్తా ఉంది బాబూ! పురుగు పట్టకుండా దోరగా వేయించి మరీ దాచాను."

ఊరంతా చప్పట్లు. ఆ వేయించిన గింజలే విత్తారు.

పంతులు తలపట్టుకుని కొత్త కాయితం పంపాడు: "పంట సున్నా." నెలైంది. ఒక్క మొలకా లేదు.

"వచ్చింది! సరిగ్గా సున్నా వచ్చింది! లెక్కంటే ఇదే!" అని జోగినాయుడు గంతులేసి పంతులికి సన్మానం పెట్టాడు.

సన్మానం రోజు పొద్దున్నే గున్నమ్మకి పొలం మూల పచ్చగా కనబడింది. వేగని గింజ ఒకటి మొలిచింది!

"అల్లుడా, ఒకటొచ్చింది!"

"అయ్యయ్యో, సున్నా చెడిపోద్ది! కాయితం పరువేం కాను? పీకెయ్ అత్తా!"

గున్నమ్మ గబుక్కున పీకి, మళ్ళీ ఎక్కడా నాటుకోకుండా వేళ్ళతో సహా నమిలి మింగేసింది. అమ్మయ్య అన్నారంతా. అంతలో జోగినాయుడికి మెరుపులా తట్టింది: కడుపులో మొలిస్తే?

అంతే! ఆవిడ గుక్కెడు నీళ్ళు తాగకుండా ఊళ్ళో ప్రతి బిందెకీ ఇద్దరేసి మందిని కాపలా పెట్టించాడు.