నూకాలు నడిచిన దూరదారి

పొద్దున సంతదారిలో ఆ గాడిదను చూసి నవ్వారు గదా. ఏం చూశారో చెప్పండి. పొడుగు చెవులా? బురద కాళ్లా? అంతేనా? అయితే కూర్చోండి.

అనగనగా ఒక అడవిలో, కొండ కనుమ దగ్గర, ఒక కుక్కల పటాలం ఉండేది. పులి దిగకుండా అవి కాపలా కాస్తే, కింద మేకలు హాయిగా నిద్రపోయేవి.

ఆ పటాలానికి ఒక ఆచారం. కాపలా మారేటప్పుడు ముక్కుకు ముక్కు తాకించి వందనం చేసేవి. ఒక కుక్కకు దగ్గు వచ్చింది. అయినా వందనం మానలేదు. మూడో రోజుకు ఐదు కుక్కలు ఊపిరాడక పడిపోయాయి.

వైద్యం తెలిసిన కొండముచ్చు వాగు అవతల గుహలో ఉంది. "ఇది ఊపిరితో అంటుకునే జబ్బు. సాయంత్రంలోగా నా దగ్గరికి చేర్చకపోతే వాళ్లు దక్కరు" అని కబురు పంపింది.

చేర్చేదెవరు? ఎద్దు కాలు నొప్పి అంది. గుర్రం నీళ్లు తాగొస్తానని పోయి మళ్లీ రాలేదు. నూకాలు అనే గాడిద వచ్చింది. రోజూ "ఏమే మూటలమ్మా" అని ఆ కుక్కలు ఏడిపించింది దాన్నే.

ఐదూ ఈతమట్టల తడక మీద పడుకున్నాయి. నూకాలు పొడవాటి తీగ కట్టి లాగింది.

"మేకల మంద మీదుగా పోతే గంటలో చేరతాం" అన్నాడు తడక మీదున్న కుక్కల దళపతి సింగన్న, దగ్గుతూ.

"ఆ పిల్లమేకలు మీ దగ్గు పీల్చాలా అయ్యా? పైగా అటు పోతే గాలి వెనకనుంచి కొడుతుంది. మీ ఊపిరంతా నా ముక్కులోకే. నేనూ పడితే మిమ్మల్ని లాగేదెవరు? గాలికి ఎదురుగా, కొండ చుట్టూ పోదాం."

"చాలా దూరం గదమ్మా."

"దూరం నా కాళ్లకు గదా. మీరు పడుకోండి."

నడిచింది. రాళ్లలో గిట్ట చీలింది. వాగు బురదలో మోకాళ్లదాకా దిగబడింది. ఆగలేదు. పొద్దు వాలేలోగా గుహ చేరింది.

సింగన్న కళ్లనీళ్లతో, ఆచారం ప్రకారం ముక్కు చాపాడు. నూకాలు పది అడుగులు వెనక్కి జరిగింది.

"ఆ ముక్కు అక్కడే ఉంచండయ్యా. ముందు బతకండి."

పక్షం రోజులకు ఐదూ లేచాయి. ఒక్క మేకపిల్లకూ దగ్గు రాలేదు. నూకాలుకూ రాలేదు. కుక్కలు నేరుగా దాని దగ్గరికి వెళ్లి, పది అడుగుల దూరంలో వరసగా నిలబడి తల వంచాయి.

"జబ్బు తగ్గింది గదా, దగ్గరికి రండి" అంది నూకాలు.

"ఇకమీద మా పటాలం వందనం ఇదేనమ్మా" అన్నాడు సింగన్న. "మమ్మల్ని బతికించింది నీ కాళ్లు. మా మందను బతికించింది ఈ దూరం."

నీతి: దగ్గరిదారి ఇంకొకరి ప్రాణం మీదుగా పోతుంటే దూరదారే నడవాలి. అలా నడిచినవాళ్ల బురద కాళ్లకు మొక్కాలి.

ఇప్పుడు చెప్పండి, పొద్దున మీరు చూసిందేమిటి?