నూకాలు మూసిన కన్నం

అనగనగా కోరంగి రేవులో నూకాలని ఒక పిల్ల ఉండేదే, అమ్ములూ. ఇప్పుడక్కడ బురదే గానీ, మా అమ్మమ్మ చెప్పే రోజుల్లో తెరచాపలతో ఆకాశం కనిపించేది కాదట. నూకాలు నాన్న ఓడ చెక్కల సందుల్లో నార కూరి, గుగ్గిలం పూసి, నీరు కారకుండా చేసేవాడు. నూకాలికీ ఆ పని చేతికొచ్చేసింది.

ఆ తర్వాత కరువొచ్చింది. మొగుడు పోయాడు. అప్పుడు నూకాలు ఆరు నెలల పైడమ్మని అత్త చేతిలో పెట్టి, కూలికని రంగం, అదే రంగూన్, పోయే ఓడెక్కింది. పాలు తాగే పిల్లని వదిలిపోయిందని ఊరంతా నోరు పారేసుకుంది. మాడే కడుపుకి నీతులు చెప్పడం ఎంత సుళువే!

మూడో రోజున గాలివాన. ఓడ మూడు ముక్కలైంది. నూకాలు ఒక చెక్క పట్టుకుని ఇసుకదిబ్బకి కొట్టుకొచ్చింది. ఆకలి ఓర్చింది. ఎండ ఓర్చింది. పాలు గడ్డకట్టి రొమ్ములు సలిపితే మాత్రం ఏడ్చేసింది.

ఆ దిబ్బ మీద గాదెంత రాగి గుడ్డు పడి ఉంది. అందులోంచి ఒక ముసలాయన దిగాడు. రాబోయే కాలం నుంచి వచ్చాడట.

"ఈ గుడ్డే నా నావ, పగిలిందమ్మా. నా యంత్రాలేవీ అతకలేకపోయాయి."

"అన్నేళ్ళ తర్వాత పుట్టి, పగులు మూయడం నేర్చుకోలేదా తాతా? నేను మూస్తా. నా పిల్ల పాలు మరవకముందే కోరంగిలో దింపు."

"పూటలో దింపుతా. అడుగున చిన్న కన్నముంది, దాని జోలికి మాత్రం పోకు. బయటి కాలం లోపలికొచ్చేది అందులోంచే."

అప్పుడు నూకాలు చెంగు చింపి పీచు చేసింది. విరిగిన ఓడచెక్కల గుగ్గిలం గీకి, ఎండకి కాగిన రాగి మీద కరిగించింది. మూడు పగుళ్ళూ మూసింది. ఇక ఆ కన్నం! వద్దన్నాడు, నిజమే. కానీ ఓడలవాళ్ళ బిడ్డ, నావలో కన్నం చూసి ఊరుకుంటుందా? ముసలాయన అటు తిరగ్గానే దాన్నీ మూసేసింది.

నావ లోపల పూటే గడిచింది, బయట ఎన్నేళ్ళు పోయాయో! నావ కోరంగిలో దిగింది. రేవంతా ఇసుక మేట. గుడిసె ముందు జుట్టు నెరిసిన మనిషి చేపలు ఎండేస్తోంది.

"పెద్దమ్మా, మా పైడమ్మేదీ?"

"నేనే పైడమ్మని. నువ్వెవరమ్మాయ్?"

పైడమ్మ చూసింది. తన పడుచునాటి మొహమే ఎదురుగా ఉంది. ఆ పిల్ల పైట పాలతో తడిసి ఉంది.

"ఎండలో నిలబడ్డావేమే అమ్మా, రా," అంది పైడమ్మ. తల్లిని ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టింది.

కథ పోయింది కంచికి,
నావ పోయింది మింటికి,
కునుకు రావాలి నీ కంటికి.