బస్సు వెంట సిగ్నల్ మోసిన మావయ్యలు

లోకంలో తెలివి నాలుగు పాళ్ళుంటే మూడు పాళ్ళు తమ ఇంట్లోనే ఉన్నాయని గౌరినాయుడి నమ్మకం. ఆ నాలుగోదీ తమదేనని, ఎవరో ఎత్తుకుపోయారని తమ్ముడు తవిటయ్య అనుమానం. ఇద్దరూ కొండగెడ్డ దగ్గర హైవే మీద తాటిముంజలు అమ్ముతారు. కదిలే బస్సు వెంట పరిగెత్తి, కిటికీలోంచి పొట్లం అందించడంలో వాళ్ళకి సాటి లేదు. ఆ ఒక్కటీ నేనూ ఒప్పుకుంటాను.

ఓ పొద్దున మేనకోడలు హైమ బస్సులోంచి ఫోన్ చేసింది.

"మావయ్యా, పదింటికి వీడియోలో ఇంటర్వ్యూ. ఈ ఉద్యోగం రాకపోతే నాన్న చదివించినదంతా వృథా. సరిగ్గా పదింటికి మీ కొండగెడ్డలో ఉంటాం. అక్కడ స్పీడుగా పోయే బస్సుకి సిగ్నల్ అందదంట!"

"ముంజలందించే వాళ్ళం, సిగ్నలందించలేమేటి?" అన్నాడు గౌరినాయుడు.

ఇంకేముంది! టీకొట్టు గోడకున్న వైఫై డబ్బా ఊడబీకారు. బస్సు రాగానే తవిటయ్య దాన్ని నెత్తినెట్టుకుని పరుగందుకున్నాడు.

"అన్నా, దీని లైట్లు ఆరిపోనాయి!"

"పట్టపగలు లైట్లెందుకురా? పరిగెత్తు!"

అంతే, బస్సు దాటిపోయింది. కిటికీలో హైమ ఏడుపు మొహం కనిపించింది. గౌరినాయుడు తమ్ముణ్ణి బైకెక్కించుకుని బస్సుని దాటేశాడు. ముందున్న సెల్ టవరు దగ్గర బైకుని రోడ్డుకి అడ్డంగా పడేశాడు.

"టవరు పరిగెత్తలేదు పాపం. బస్సే ఆగాల!"

బస్సు కీచుమని ఆగింది. వెనక లారీలన్నీ హారన్లు. డ్రైవరు తిట్టని తిట్టు లేదు. ఆ గోలలోనే ఇంటర్వ్యూ అయిపోయింది.

"వచ్చేసింది మావయ్యా! రేపే విజయవాడలో చేరమన్నారు!" హైమ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. మావయ్యలూ ఏడ్చారు.

డ్రైవరు బైకుని పక్కకి ఈడ్చేసి బస్సు స్టార్ట్ చేశాడు. గౌరినాయుడు తమ్ముణ్ణి కేకేశాడు.

"ఒరే తవిటీ! బస్సు కదిల్తే సిగ్నల్ పోద్ది. సిగ్నల్ పోతే ఉద్యోగం పోద్ది!"

అంతే. పిల్లనీ, పెట్టెనీ కిందకి లాగేశారు. బస్సు వెళ్ళిపోయింది. ముంజల బుట్ట తాడుతో పెట్టెని టవరుకి కట్టేశారు కూడా.

"రేపు విజయవాడలో ఉండాలి మావయ్యా!" అని హైమ మొత్తుకుంటూ, వచ్చిన ప్రతి బస్సుకీ చెయ్యెత్తింది.

అన్నదమ్ములు ప్రతి బస్సుకీ ఎదురెళ్ళి చేతులూపారు.

"రైట్ రైట్! ఆగకండి, మా పిల్ల డ్యూటీలో ఉంది!"